ఆరుగురు మనుషులు, వాళ్ల సామాను: స్విఫ్ట్ తర్వాత ఏ కారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటారు. 2013 పెట్రోల్ స్విఫ్ట్ ఉంది, మార్చేయాలి. ఇంట్లో మీరిద్దరు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న. తాడేపల్లిగూడెం దగ్గర సొంతూరికి ఏడాదికి ఐదారుసార్లు వెళ్తారు. అమెరికా నుంచి తమ్ముడు వాళ్లు వచ్చినప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి. ఆన్‌రోడ్ (పన్నులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి) 14 లక్షలు దాటకూడదు. బ్రెజా, క్రెటా, ఎర్టిగా సీఎన్‌జీ, ఈ మూడింటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. "ఫీచర్లు ఎలా ఉన్నా సర్దుకుంటాం, డిక్కీ మాత్రం సరిపోవాలి" అన్నారు.

నేను విజయవాడలో చాలా ఏళ్లు ట్రావెల్స్ నడిపాను. ఇప్పుడు తెలిసినవాళ్లకు సెకండ్ హ్యాండ్ బండ్లు చూసిపెడుతుంటాను. ట్రావెల్స్ వాడికి మైలేజీ కంటే ముందు తెలిసేది డిక్కీ. పార్టీ సామాను పట్టకపోతే పొద్దున్నే ఇంటి ముందు గొడవ పడేది మనమే.

సూటిగా చెప్తాను: పెట్రోల్ ఎర్టిగా తీసుకోండి, సీఎన్‌జీ వద్దు. ఆరుగురు వెళ్లేటప్పుడు చివరి వరుసలో ఒక సీటు నిలబెట్టి, రెండోది మడిచి వాడుకోండి. అదే పద్ధతిలో కియా కారెన్స్ కూడా బాగుంటుంది. కాకపోతే మీ బడ్జెట్‌కి అందులో కింది వేరియంట్లే వస్తాయి. టయోటా షోరూమ్ దగ్గరుంటే రూమియన్ చూడండి, అదీ ఎర్టిగానే, పేరూ ముందు గ్రిల్లూ వేరు. ఒకవేళ అమ్మానాన్న మీతోపాటు కారులో రారు, రైల్లోనే వస్తారు అంటే మాత్రం నా జవాబు పూర్తిగా మారుతుంది. అప్పుడు ఏడు సీట్ల బండే అక్కర్లేదు. ఆ సంగతి కింద చెప్తాను.

బ్రెజా, క్రెటా ఎందుకు వద్దంటే, అవి ఐదు సీట్లవి. మీరు ఆరుగురు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటారేమో. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక 14 ఏళ్ల లోపు పిల్లలకి కూడా బెల్టు గానీ, చైల్డ్ సీటు గానీ ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి వదిలేయండి. గట్టిగా బ్రేకు పడితే ఒళ్లో పిల్లని చేతులతో పట్టుకుని ఆపడం ఎవరి వల్లా కాదు. తాడేపల్లిగూడెం అంటే విజయవాడ దాకా ఎన్‌హెచ్ 65, అక్కణ్ణుంచి ఏలూరు మీదుగా ఎన్‌హెచ్ 16. దాదాపు 380 కిలోమీటర్లు హైవే మీదే. పాపకి సీటు లెక్కలో ఉండాల్సిందే.

ఇక చాలామంది పొరపడే చోటుకి వద్దాం. ఏడు సీట్ల బండి అంటే డిక్కీ పెద్దదని కాదు. మీ 2013 స్విఫ్ట్ డిక్కీ 204 లీటర్లు. ఎర్టిగాలో ఏడు సీట్లూ నిలబెట్టి ఉంచితే వెనక మిగిలేది 209 లీటర్లు. అంటే ఇన్నేళ్లు వాడిన స్విఫ్ట్ అమ్మి, దాని మీద లక్షలు పోసి కొత్త బండి కొంటే, డిక్కీ మాత్రం అంతే ఉంటుంది. కారెన్స్‌లో 216, హ్యుందాయ్ అల్కజార్‌లో 180. రెనో ట్రైబర్‌లో ఏడుగురూ కూర్చుంటే మిగిలేది 84 లీటర్లే, ఒక లంచ్ బ్యాగు, రెండు చెప్పుల కవర్లు. ఇన్నోవా క్రిస్టాలో కూడా మూడు వరుసలూ నిలబడి ఉంటే 300 లీటర్లే. ఇప్పుడు నాలుగు మీటర్ల లోపు డిజైర్ చూడండి: 382 లీటర్లు. హోండా అమేజ్ 416. ఏడుగురు ఎక్కిన ఇన్నోవా కంటే ఐదుగురు ఎక్కిన అమేజ్‌లో సామాను ఎక్కువ పడుతుందన్నమాట. మనిషికి ఇంత అని పంచితే తేడా ఇంకా ఘోరం.

అందుకే పెళ్లి పార్టీలకి ఏడుగురు ఎక్కుతున్నారంటే మేం ఇన్నోవా పంపి, పైన క్యారియర్ ఉందా అని రెండుసార్లు చూసుకునేవాళ్లం. నలుగురు, బోలెడు సామాను అంటే ఎటియోస్ పంపేవాళ్లం. టయోటా ఎటియోస్ సెడాన్ డిక్కీ దాదాపు 590 లీటర్లు. చూడ్డానికి సాదాసీదా బండి, కానీ ఆ డిక్కీ కోసం ట్రావెల్స్ వాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. 2020లో బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చినప్పుడు ఆపేశారు.

మరి ఎర్టిగా ఎందుకు చెప్తున్నాను? సీట్లు మడవడంలో ఉన్న వెసులుబాటు కోసం. చివరి వరుస మొత్తం మడిస్తే 550 లీటర్లు వస్తుంది. ఆ వరుస సగం సగంగా విడిగా మడుస్తుంది. మీకు కావాల్సింది సరిగ్గా ఇదే. మీ ఇంటి లెక్క ఇలా వేసుకోండి. మీరు డ్రైవింగ్, ముందు సీట్లో నాన్నగారు. మధ్య వరుసలో అమ్మగారు, మీ ఆవిడ, చైల్డ్ సీట్లో పాప. చివరి వరుసలో ఒక సీట్లో బాబు, వాడి పక్కన మడిచిన సీటు మీద, దాని వెనక మొత్తం సామాను. ఏడో సీటు మీకు అక్కర్లేదు, ఆ చోటే మీ డిక్కీ. 209కీ 550కీ మధ్యలో ఎక్కడో 350 లీటర్ల చుట్టుపక్కల వస్తుందని అనుకోండి. ఇది కంపెనీ అంకె కాదు, నా అంచనా. రెండు మీడియం సూట్‌కేసులు, రెండు మూడు మెత్తటి బ్యాగులు, ఓ సంచీ హాయిగా పడతాయి.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. చివరి వరుసలోకి ఎక్కాలంటే మధ్య సీటు ముందుకి జరపాలి. మనం ఎక్కేదీ దిగేదీ రోడ్డు పక్క, అంటే ఎడమ వైపు. చైల్డ్ సీటు ఎడమవైపు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది, దాబా దగ్గర ఆగిన ప్రతిసారీ సీటు ఊడదీయాలి. చైల్డ్ సీటు డ్రైవర్ వెనక పెట్టండి, ఎడమవైపు దారి వదిలేయండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడే పాప సీటు తీసుకెళ్లి బిగించి చూడండి, బాబుని వెనక్కి ఎక్కించి చూడండి. అమ్మగారిని మాత్రం చివరి వరుసలో కూర్చోబెట్టే ఆలోచన పెట్టుకోకండి. అక్కడ నేలకీ సీటుకీ ఎత్తు తక్కువ, మోకాళ్లు పైకి లేస్తాయి. సూర్యాపేట చేరేసరికే ఆవిడ నడుం పట్టుకుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇబ్బంది ఉండదు. వాడికి వాంతుల సమస్య ఉంటే మాత్రం ముందే ఆలోచించుకోండి, వెనక కుదుపు ఎక్కువ.

బాబు పక్కనే సామాను ఉంటుంది కాబట్టి ఇంకో మాట. బరువైనవి కింద, మధ్య సీటు వీపుకి ఆనించి పెట్టాలి. సీటు ఎత్తు దాటి పేర్చకండి. ఒక కార్గో నెట్ గానీ, రెండు బెల్టు తాళ్లు గానీ కొని కట్టేయండి. స్టీలు డబ్బాలు, ఊరగాయ జాడీలు విడిగా వదలకండి. ఎనభై స్పీడులో బ్రేకు వేస్తే కిలో బరువున్న డబ్బా కూడా గట్టి దెబ్బే కొడుతుంది.

సామాను లెక్క అనగానే అందరూ వెళ్లేటప్పటి బ్యాగులు లెక్కేస్తారు. మన వాళ్లకి అసలు లోడు తిరిగి వచ్చేటప్పుడు. వెళ్లేటప్పుడు బట్టల బ్యాగులే. వచ్చేటప్పుడు అదే బ్యాగులతోపాటు 25 కిలోల బియ్యం బస్తా, కొబ్బరికాయలు, ఎండాకాలమైతే మామిడికాయలు, ఆవకాయ, సంక్రాంతికైతే అరిసెల డబ్బాలు, ఎవరో "పిల్లలకి" అని ఇచ్చిన పనసకాయ. మీది గోదావరి జిల్లా వైపు. వద్దంటే వినే చుట్టాలు కాదు. కాబట్టి రిటర్న్ లోడుకి డిక్కీ చూసుకోండి. అది పట్టనప్పుడు బియ్యం బస్తాలు కారులో కుక్కే బదులు ఆర్టీసీ కార్గోలో వేయండి. అటు ఏపీఎస్‌ఆర్టీసీకీ, ఇటు టీజీఎస్‌ఆర్టీసీకీ పార్సిల్ సర్వీసు ఉంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే బస్తాల కోసం ఒక సైజు పెద్ద కారు కొనడం దండగ.

ఇప్పుడు సీఎన్‌జీ సంగతి. ఎర్టిగా సీఎన్‌జీలో సిలిండర్ కూర్చునేది చివరి సీట్ల వెనక, సరిగ్గా డిక్కీలోనే. ఆ 209 లీటర్లలో చాలావరకు అది తినేస్తుంది. చివరి సీటు మడిచినా నేల సమంగా రాదు, సిలిండర్ గట్టులా అడ్డం ఉంటుంది, పెద్ద సూట్‌కేసు పడుకోబెట్టలేరు. నేను నడిపిన వాటిలో సీఎన్‌జీ బండ్లు లోకల్‌కీ, ఆఫీసు డ్యూటీలకీ బంగారం లాంటివి. ఫ్యామిలీతో లాంగ్ ట్రిప్ అంటే మాత్రం డ్రైవర్లే వద్దనేవాళ్లు. పండగ ముందు బంకుల దగ్గర క్యూలు చూస్తూనే ఉంటారు. పైగా మూడేళ్లకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్టు (ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించాలి. మీరు రోజూ ఆఫీసుకి యాభై అరవై కిలోమీటర్లు తిరిగితే డబ్బు మిగులుతుంది, కాదనను. మీ మెసేజ్ చూస్తే రోజూ మెట్రోలో వెళ్తున్నారు, కారు వారాంతాల్లోనే తీస్తున్నారు. అలాంటప్పుడు మిగిలేది తక్కువ, పోయేది డిక్కీ.

సీఎన్‌జీ తప్పనిసరి అనుకునేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా. టాటా వాళ్లు ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ నేల కింద పెడుతున్నారు, 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలైంది. అందులో 345 లీటర్లు 210కి తగ్గాయి, కానీ పైన నేల సమంగా ఉంటుంది. నెక్సాన్‌లో 382 నుంచి 321కి. మారుతీ విక్టోరిస్‌లో సిలిండర్‌ని బండి అడుగున అమర్చారు, డిక్కీ జోలికి రాలేదు. అయితే ఇవన్నీ ఐదు సీట్లవే, మీ ఆరుగురికి పనికిరావు.

పెట్రోల్ ఇంజిన్‌తోపాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్‌లో కూడా ఇలాంటి చిక్కే ఉంది. గ్రాండ్ విటారా మామూలు మోడల్లో డిక్కీ 373 లీటర్లు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనక కూర్చోవడంతో 265కి పడిపోతుంది. బ్రోచర్లో మొదటి అంకె చూసి రెండో బండి బుక్ చేసినవాళ్లని చూశాను. మీరు కొనే వేరియంట్ డిక్కీనే తెరిచి చూడండి, మోడల్ డిక్కీని కాదు.

లీటర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఆ అంకెల మీదే కొట్టుకుంటారు. చాలా కంపెనీలు వాడే పద్ధతిలో 20 × 10 × 5 సెంటీమీటర్ల చెక్క దిమ్మెలు డిక్కీ నిండా పేరుస్తారు. ఒక దిమ్మె ఒక లీటరు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. చిన్న దిమ్మె కాబట్టి మూలమూలకీ దూరుతుంది. మీ సూట్‌కేసు దూరదు. పైగా కొందరు సీటు వీపు ఎత్తు వరకే కొలుస్తారు, కొందరు పైకప్పు దాకా కొలిచి పెద్ద అంకె వేస్తారు. అందుకే ఒకే అంకె ఉన్న రెండు బండ్లలో ఒకదాంట్లో సూట్‌కేసు పడుకుంటుంది, ఇంకోదాంట్లో నిలబెట్టినా మూత పడదు.

శంషాబాద్ కేసునే తీసుకుందాం. విమానంలో చెక్-ఇన్ బ్యాగుకి మామూలుగా ఉండే హద్దు మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లు. అంటే సుమారు 75 × 50 × 33. గుణిస్తే దాదాపు 124 లీటర్లు. అమెరికా నుంచి వచ్చేవాళ్లు మనిషికి రెండేసి తెస్తారు, ఒక్కోటి 23 కిలోలు. తమ్ముడు, భార్య, ఒక పిల్ల వచ్చారనుకోండి, ఆరు బ్యాగులు. కాగితం మీదే 744 లీటర్లు, బరువు 138 కిలోలు. చేతి బ్యాగులు వేరే. వాళ్లు ముగ్గురు, మీరొకరు, ఎర్టిగాలో చివరి వరుస మొత్తం మడిస్తే నాలుగు పెద్ద బ్యాగులు ఎక్కుతాయి: రెండు పడుకోబెట్టి, వాటి మీద రెండు. వెనక అద్దం మూసుకుపోతుంది, సైడ్ అద్దాలతో నడపాలి. మిగతా రెండూ చేతి బ్యాగులూ పట్టవు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క రోజుకి ఎయిర్‌పోర్టులోనే ఒక క్యాబ్ మాట్లాడుకుని అందులో బ్యాగులు వేసి, తమ్ముణ్ణి అందులో ఎక్కించండి. మిగతావాళ్లు మీ బండిలో హాయిగా వస్తారు. ఏడాదికోసారి వచ్చే ఈ పని చూసుకుని కారు సైజు తేల్చకండి. ఊరి ప్రయాణం చూసుకుని తేల్చండి.

ఇప్పుడు ముందు వదిలేసిన సంగతి, అమ్మానాన్న రైల్లో వస్తే ఏ కారు అన్నది. ఐదుగురు లేదా అంతకన్నా తక్కువ మంది వెళ్తారంటే సెడాన్ (వెనక డిక్కీ విడిగా బయటికి ఉండే కారు) చూడండి. ఈ రోజుల్లో అందరూ ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ కావాలంటున్నారు గానీ డిక్కీ కావాలంటే సెడాన్‌ని మించింది లేదు. బ్రెజా 328, క్రెటా 433. వాటి పక్కన హోండా సిటీ 506, వెర్నా 528, స్లావియా, వర్టస్ 521. కొత్తవి మీ బడ్జెట్‌ దగ్గర్లో ఉంటాయి గానీ ఆన్‌రోడ్ దాటొచ్చు, రెండు మూడేళ్ల సెకండ్ హ్యాండ్‌లో హాయిగా దొరుకుతాయి. చిన్నవాటిలో అమేజ్, డిజైర్, ఆరా. ఎత్తుగానే కావాలంటే హోండా ఎలివేట్, 458 లీటర్లు, డిక్కీ ఆకారం కూడా చక్కగా చదరంగా ఉంటుంది.

సెడాన్‌లో రెండు ఇబ్బందులున్నాయి. డిక్కీ లోతుగా ఉంటుంది గానీ మూత తెరిచే సందు చిన్నది. పెద్ద స్టీలు గుండిగ, టీవీ పెట్టె, పిల్లల సైకిలు లోపల చోటున్నా లోపలికి పోవు. రెండోది, అన్నిట్లో వెనక సీటు మడవదు. డిజైర్‌లో మడవదు. మూత లోపలి కొక్కేలు వంకర తిరిగి దిగేవైతే కింద ఉన్న బ్యాగుని నొక్కుతాయి, మూత వేసేటప్పుడు చూసుకోండి.

ధరల మాటకొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న బండ్లకి 18 శాతం. ఆ హద్దు దాటితే 40. డిజైర్, అమేజ్ మొదటి లెక్కలోకి వస్తాయి. ఎర్టిగా పొడవూ ఎక్కువ, ఇంజిన్ 1462 సీసీ, కాబట్టి 40. దానికీ మునుపటికంటే తగ్గింది గానీ చిన్న బండ్లకి తగ్గినంత కాదు. దాని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్సు. ఎక్స్-షోరూమ్ ధర (లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలపని ధర) చూసి మురిసిపోకండి, కొటేషన్లో ఆన్‌రోడ్ అంకె రాయించుకోండి. మీ 14 లక్షల్లో ఎర్టిగా మధ్య వేరియంట్ వస్తుంది, అది చాలు.

ఎర్టిగాకి తక్కువ మార్కులు పడేది భద్రత దగ్గర. దాచను. కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2019లో పరీక్షించినప్పుడు పెద్దవాళ్ల భద్రతకి 3 స్టార్లు వచ్చాయి. 2024లో ఆఫ్రికా మార్కెట్ బండిని కొత్త, కఠినమైన నియమాలతో పరీక్షిస్తే 1 స్టార్. అదే కంపెనీ కొత్త డిజైర్‌కి 2024లో 5 స్టార్లు వచ్చాయి. మీకిది ముఖ్యమైతే ఐదు సీట్లతో సర్దుకుని డిజైర్ గానీ నెక్సాన్ గానీ తీసుకుని, పండగ ట్రిప్పులకి అమ్మానాన్నకి రైలు టికెట్లు బుక్ చేయడం కూడా తెలివైన నిర్ణయమే. రెండు నెలల ముందు బుక్ చేస్తే బెర్తు దొరుకుతుంది, వాళ్లకీ కాళ్లు చాపుకునే వీలుంటుంది. ఎర్టిగా కొంటే మాత్రం అందరికీ బెల్టులు, పాపకి సీటు, బాబు సీటు వెనక హెడ్‌రెస్టు పైకి లాగి పెట్టడం, ఈ మూడింట్లో రాజీపడకండి.

బహుశా ఎవరో ఒకరు కింద కామెంట్లలో "పాత ఇన్నోవా కొనెయ్ అన్నా" అంటారు. మంచి బండే, నేనూ బోలెడు నడిపాను. కానీ క్రిస్టాలో చివరి సీట్లు కిందకి మడవవు, పక్కలకి లేచి గోడలకి అతుక్కుంటాయి. ఆ మేరకు వెడల్పు పోతుంది. 14 లక్షల్లో దొరికేవి ఎక్కువగా బాగా తిరిగినవి. వాటిలో పసుపు బోర్డు మీద టాక్సీగా నడిచి, తర్వాత తెల్ల బోర్డుకి మార్చినవి ఉంటాయి. ఆర్‌సీ వివరాల్లో, ఇన్సూరెన్సు పాత పాలసీల్లో ఆ సంగతి బయటపడుతుంది. మీటర్ చూసి నమ్మకండి. బ్రేక్ పెడల్ మీద రబ్బరు, స్టీరింగ్ తోలు, చివరి సీటు బెల్టుల అరుగుదల చూడండి. లక్ష కిలోమీటర్లు అని చెప్పిన బండిలో పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటర్ అబద్ధం.

స్టెప్నీ (అదనపు టైరు) ఎక్కడుందో కూడా చూడండి, ఎవరూ చూడరు. చాలా కార్లలో డిక్కీ నేల కింద ఉంటుంది. రాత్రి రెండింటికి నకిరేకల్ దగ్గర పంక్చరైతే సామానంతా రోడ్డు మీద దింపి స్టెప్నీ తీయాలి. ఎర్టిగాలో, ఇన్నోవాలో అది బండి కింద వేలాడుతుంది, సామాను కదపక్కర్లేదు. కానీ కింద ఉండటం వల్ల బురద, దుమ్ము పట్టి దించే బోల్టు బిగుసుకుపోతుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా ఒకసారి దించి గ్రీజు పెట్టమనండి, గాలి కూడా అప్పుడే కొట్టించండి.

టైర్లలో గాలి సంగతీ అంతే. డ్రైవర్ డోర్ తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. మామూలుగా ఎంత, నిండు లోడుతో ఎంత అని రెండు అంకెలుంటాయి. నిండు లోడుకి వెనక టైర్లలో ఎక్కువ గాలి కావాలి. ఆరుగురు, సామాను అంటే నాలుగు వందల కిలోలు ఇట్టే దాటుతుంది. మామూలు గాలితో ఆ లోడు మీద మే నెల ఎండలో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. బయలుదేరే రోజు పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. తిరిగొచ్చాక తగ్గించండి.

పైన క్యారియర్ వేద్దామా అని కూడా అడిగారు. నా ఓటు లేదు. రూఫ్ ఎంత బరువు మోస్తుందో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది, అది మీరు అనుకునే దానికంటే తక్కువే ఉంటుంది. పైన బరువు పెరిగితే మలుపుల్లో బండి ఊగుతుంది, గాలి హోరు, మైలేజీ పడిపోతుంది, వానొస్తే టార్పాలిన్ కట్టే తిప్పలు. ఏడాదికోసారి మెత్తటి పరుపులు, దుప్పట్లు వేసుకోవడానికైతే ఫర్వాలేదు. బియ్యం బస్తాలు పైన వేయకండి.

తిరుమల వెళ్తుంటారా? అలిపిరి దగ్గర అందరూ దిగి బ్యాగులు దింపి స్కానింగ్‌కి తీసుకెళ్లాలి. అక్కడ సీటు కింద ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి దూర్చిన చిన్న సంచులు ఏరుకోవడమే పెద్ద పని. పది సంచుల బదులు నాలుగు బ్యాగుల్లో సర్దితే ఏ డిక్కీలోనైనా ఎక్కువ పడుతుంది కూడా. గట్టి సూట్‌కేసుల కంటే మెత్తటి డఫిల్ బ్యాగులు మేలు, చక్రాల మీద ఉబ్బుగా ఉండే మూలల్లో కూడా ఒదుగుతాయి. ఘాట్ మీద నిండు లోడుతో ఏసీ వేస్తే ఎర్టిగా ఇంజిన్ కొంచెం ఆయాసపడుతుంది, తక్కువ గేరులో నెమ్మదిగా ఎక్కించండి, ఇబ్బందేం లేదు.

షోరూమ్‌కి మీ బ్యాగులు తీసుకెళ్లండి. ఇదొక్కటి చేస్తే నేను రాసిందంతా చదవక్కర్లేదు. ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు, రెండు ట్రావెల్ బ్యాగులు, పాప సీటు స్విఫ్ట్‌లో వేసుకుని వెళ్లండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. చివరి సీట్లో ఒకటి మడిచి, బాబుని కూర్చోబెట్టి, బ్యాగులు పెట్టి, మూత వేసి చూడండి. టేపు ఉంటే చక్రాల గూళ్ల మధ్య వెడల్పు, నేల నుంచి సీటు వీపు దాకా ఎత్తు, మూత తెరిచిన సందు వెడల్పు కొలవండి. నేల నుంచి డిక్కీ అంచు ఎంత ఎత్తుందో కూడా చూడండి. ఇంట్లో బస్తా ఎత్తేది మీరొక్కరే కదా, ఆ అంచు నడుం దాకా ఉంటే ప్రతిసారీ తెలుస్తుంది. కారెన్స్‌కీ ఇదే పరీక్ష పెట్టండి. రెండింట్లో మీ బ్యాగులు దేంట్లో తేలిగ్గా కూర్చుంటే అది.

ఇక స్విఫ్ట్. 2013 బండి కాబట్టి 2028లో ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ ధర వేగంగా పడుతుంది, కాబట్టి "ఇంకో ఏడాది సెకండ్ కారుగా ఉంచుదాం" అనుకోకండి. ఎక్స్ఛేంజ్ బోనస్ ఎంత ఇస్తారో, బోనస్ తీసేస్తే పాత బండికి ఎంత కడుతున్నారో విడివిడిగా రాయించుకోండి. రెండూ కలిపి ఒకే అంకె చెప్తే ఒకదాంట్లో పెంచి ఇంకోదాంట్లో తగ్గించారని అర్థం. బయట అమ్మితే సాధారణంగా కొంచెం ఎక్కువొస్తుంది, ఓపిక ఉండాలి. ఎవరికి అమ్మినా పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయకండి, ఆర్‌సీ వాళ్ల పేరు మీదకి మారేదాకా వెంటపడండి. లోన్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉండిపోతే ముందు ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో తీయించండి. ఏపీలో ఉన్న బంధువుకి ఇస్తున్నట్టయితే ఫారం 28తో ఇక్కడి ఆర్‌టీఏ ఎన్‌ఓసీ కూడా కావాలి. బండి ఇచ్చిన రోజే ఫాస్టాగ్ మూయించేయండి, లేకపోతే కొత్త ఓనర్ పంతంగి టోల్‌గేటు దాటినప్పుడల్లా డబ్బులు మీ ఖాతాలోంచి పోతాయి.